ఇల్లు అత్తగారి పేరున ఉంటే నేనెక్కడికి వెళ్ళాలి?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి ఏడేళ్ళు. మారతహళ్ళిలో ఉంటున్నాం, ఇద్దరం ఉద్యోగం చేస్తాం. నాలుగేళ్ళ పాప. నా జీతం పడే అకౌంట్‌కి ఆయన ఫోన్ నంబరే ఉంది, ఏటీఎం కార్డు కూడా ఆయన దగ్గరే. ఆటోకి డబ్బులు కావాలన్నా అడగాలి. పాప పుట్టాక కొట్టడం మొదలైంది. పోయిన నెల చెంప మీద కొడితే రెండు రోజులు ఒక చెవి వినపడలేదు. క్లినిక్‌లో బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పాను. పెద్దవాళ్ళు రెండుసార్లు వచ్చి మాట్లాడి వెళ్ళారు. మా అమ్మ 'ఏ ఇంట్లో లేదమ్మా, సర్దుకుపో' అంటుంది. మొన్న అత్తగారు 'ఈ ఫ్లాట్ నా పేరున ఉంది, ఇష్టం లేకపోతే బట్టలు సర్దుకుని మీ ఊరెళ్ళు' అన్నారు. ఆయనేమో 'కేసు పెట్టుకో, ఇవన్నీ దొంగ కేసులని దేశమంతా తెలుసు' అంటున్నారు. ఆయన్ని జైలుకు పంపాలని నాకు లేదు, కొట్టకుండా ఉంటే చాలు. ఇంకొన్ని విషయాలు రాయలేను. కేసు పెట్టాలంటే పెళ్ళి జరిగిన ఒంగోలు వెళ్ళాలా? నాకు కన్నడ సరిగ్గా రాదు. ఏం చేయమంటారు? – ఒక సోదరి, బెంగళూరు

సమాధానం:

చెల్లెమ్మా,

బట్టలు సర్దకండి. మిగతావన్నీ నిదానంగా చెప్పుకుందాం, ముందు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోండి. మీరూ పాపా ఆ ఇంట్లో ఉండొచ్చు. మిమ్మల్ని బయటికి గెంటే హక్కు మీ అత్తగారికి గానీ మీ ఆయనకి గానీ లేదు. ఏ రాత్రయినా ప్రాణభయం అనిపిస్తే మాత్రం హక్కుల సంగతి పక్కనపెట్టి పాపను ఎత్తుకుని బయటపడండి, 112కి ఫోన్ చేయండి. గడప దాటినంత మాత్రాన హక్కు పోదు. ప్రస్తుతం ఆ ఇంట్లో కాపురం ఉండకపోయినా అక్కడ ఉండే హక్కు కోసం అడగొచ్చని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరు కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే మన తెలుగు ఆడవాళ్ళలో చాలామంది అప్పటికే పుట్టింటికి వెళ్ళి, అక్కడ ఆరు నెలలో ఏడాదో గడిపి, చుట్టాల మాటలు పడలేక తిరిగొచ్చినవాళ్ళే. ఈలోపు ఇక్కడ తాళం మారిపోతుంది, నగలు లాకర్ మారిపోతాయి. 'తనే వెళ్ళిపోయింది' అన్న మాట వాళ్ళ లాయరు నోట వస్తుంది. అందుకే బట్టల మాట ముందు చెప్పాను.

మీ అత్తగారు అన్నదాంట్లో ఒకప్పుడు కొంత నిజం ఉండేది. భర్త సొంత ఇల్లో, అతను అద్దెకు తీసుకున్న ఇల్లో, ఉమ్మడి కుటుంబపు ఇల్లో అయితేనే కోడలికి ఉండే హక్కని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాంతో కొడుకు కాపురంలో గొడవ మొదలవగానే ఇల్లు అమ్మ పేరునో నాన్న పేరునో ఉందని చూపించి కోడలిని బయటికి పంపడం తేలికైపోయింది. పద్నాలుగేళ్ళు అలాగే నడిచింది. ఆ రోజుల్లో నేను ఓడిపోయిన కేసులు కొన్ని ఇప్పటికీ నిద్రలో గుర్తుకొస్తాయి. 2020 అక్టోబర్ 15న జస్టిస్ అశోక్ భూషణ్ నేతృత్వంలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు తప్పని కొట్టేసింది. ఇల్లు అత్తగారి పేరున ఉన్నా, మామగారి పేరున ఉన్నా, కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే అది ఆమె కూడా ఉండదగ్గ ఇల్లేనని తేల్చింది.

రెండు నెలలకే ఇంకో తీర్పు వచ్చింది. అది మన బెంగళూరు నుంచి వెళ్ళిన కేసే. భర్త కొన్న స్థలం తండ్రి పేరుకి మారింది, తండ్రి దాన్ని తన భార్యకి గిఫ్టు డీడ్ రాశాడు. తరువాత అత్తమామలు 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్ దగ్గరకు వెళ్ళి కోడలిని ఖాళీ చేయించమన్నారు. ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది, హైకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం 2020 డిసెంబర్ 15న దాన్ని రద్దు చేసింది. వృద్ధుల రక్షణ కోసం పెట్టిన చట్టాన్ని, కోడలికి గృహహింస చట్టం ఇచ్చిన హక్కును తీసేయడానికి వాడకూడదని చెప్పింది. మీ అత్తగారు రేపు ఆ దారిలో వెళతానంటే ఈ తీర్పు సంగతి మీ లాయరుకు గుర్తు చేయండి.

అలాగని ఫ్లాట్ మీదైపోదు. మీకున్నది ఉండే హక్కు మాత్రమే. పెద్దావిడ తన వయసులో ప్రశాంతంగా ఉండాలనుకోవడం కూడా న్యాయమే. ఒకే కప్పు కింద ఇద్దరికీ పొసగదని మేజిస్ట్రేటుకు అనిపిస్తే, అదే స్థాయి ఇల్లు ఇంకోటి చూపించమనో, అద్దె కట్టమనో మీ ఆయన్ని ఆదేశించవచ్చు. ఒక్కోసారి అదే మంచిది.

ఇక జైలు సంగతి. మీరు అడిగింది 'కొట్టకుండా ఉంటే చాలు' అని. 2005 గృహహింస చట్టం సరిగ్గా దానికోసమే. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద అర్జీ పెడితే మీ ఆయన్ని పోలీసులు వచ్చి పట్టుకుపోరు. కొట్టొద్దని, తిట్టొద్దని, ఆఫీసుకొచ్చి గొడవ చేయొద్దని, ఇంట్లోంచి పంపొద్దని, పాప ఖర్చు ఇమ్మని, మీ నగలు మీకిమ్మని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తారు. రక్షణ కోసం ఇచ్చిన ఆ ఉత్తర్వును మీరితే అప్పుడు నేరం: ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భార్యను హింసించినందుకు భర్త మీద, అతని బంధువుల మీద పెట్టే, అందరూ 498ఏ అని పిలిచే క్రిమినల్ కేసు దీనికి పూర్తిగా వేరు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, మూడేళ్ళ దాకా శిక్ష. మీరు గృహహింస అర్జీ ఒక్కటే పెట్టుకోవచ్చు. విడాకులు కూడా అడగాలన్న నియమం లేదు. కాపురం ఉంచుకుంటూనే దెబ్బలు ఆపమని కోర్టును అడగొచ్చు.

ఒంగోలు వెళ్ళనక్కర్లేదు. మీరు ఉంటున్న చోట, అది తాత్కాలికమైనా సరే, లేదా ఉద్యోగం చేస్తున్న చోట అర్జీ పెట్టుకోవచ్చని గృహహింస చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. బెంగళూరులో ఈ అర్జీలు చాలాకాలంగా మేజిస్ట్రేట్ ట్రాఫిక్ కోర్టులకు వెళుతున్నాయి. బోర్డు చూసి తప్పు చోటికి వచ్చామని కంగారుపడి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళున్నారు, మీరు వెళ్ళకండి. కన్నడ గురించి బెంగ వద్దు. జరిగినదంతా తెలుగులోనే రాసుకోండి, అర్జీ భాష లాయరు చూసుకుంటారు.

ఇప్పుడు మీ చెవి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ వాక్యమే. చెంప మీద అరచేత్తో గట్టిగా కొడితే కర్ణభేరి చిల్లుపడొచ్చు. రెండు రోజుల్లో వినపడిందని వదిలేయకండి. ఈ వారమే చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళండి, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి: ఫలానా రోజు మా ఆయన కొట్టాడు, అప్పటినుంచి ఇలా ఉంది అని. ఆ మాట చీటీలో రాయమని అడగండి, వినికిడి పరీక్ష చేయించుకోండి. మొదటి క్లినిక్‌లో జారిపడ్డానని చెప్పినందుకు కేసు పోదు. ఆ చీటీ కూడా దాచండి, దాని మీద తేదీ ఉంది. ఎందుకు అలా చెప్పాల్సి వచ్చిందో మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చు. పక్కన భర్త నిలబడి ఉండగా డాక్టరుతో నిజం చెప్పగలిగిన ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకావిడ కేసు చెబుతాను. ఆమె దగ్గర ఫోటోలు లేవు, ఆసుపత్రి కాగితాలు లేవు. వంటింట్లో గోడకు తగిలించే తెలుగు క్యాలెండర్ మాత్రం ఉంది. పాలవాడు రాని రోజుకి సున్నా చుట్టేది, దెబ్బ తిన్న రోజుకి అంకె కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. అత్తగారు రోజూ చూసే క్యాలెండరే, ఎవరికీ అనుమానం రాలేదు. కోర్టులో మేజిస్ట్రేటు గారు ఆ పేజీలు ఒక్కొక్కటీ తిప్పుతుంటే హాల్లో చప్పుడు లేదు. పండగ రోజుల కింద చుక్కలు ఎక్కువున్నాయి. మీరూ తేదీలు రాసుకోండి. ఆయన చూసే ఫోన్‌లో వద్దు, ఆఫీసు డెస్క్‌లో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.

ఆమె గురించే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చట్టం ఎక్కడ కుంటుతోందో అక్కడ తెలుస్తుంది. అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి విచారణకు తేదీ వేయాలని, అక్కడినుంచి అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని 12వ సెక్షన్ చెబుతోంది. ఆమె మొదటి వాయిదాకి పిల్లవాడిని చంకనేసుకుని వచ్చింది. ఆర్డర్ షీట్‌లో వాయిదా తరువాత వాయిదా ఒకటే మాట: నోటీసు అందలేదు, మళ్ళీ పంపండి. భర్త ఇల్లు మారాడని ఒకసారి, తలుపు తీయలేదని ఒకసారి. తుది ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ఆ పిల్లవాడు స్కూల్ యూనిఫాంలో వచ్చి, కోర్టు వరండాలో బెంచీ మీద పుస్తకం పెట్టుకుని హోంవర్క్ రాసుకుంటున్నాడు. ఉత్తర్వు ఆమెకు అనుకూలంగానే వచ్చింది. అన్నేళ్ళు ఆమె పడ్డది ఎవరు తిరిగిస్తారు?

నోటీసు రెండు రోజుల్లో అందించాల్సింది ప్రొటెక్షన్ ఆఫీసర్. బాధితురాలి తరఫున రిపోర్టు రాయడం, అర్జీ పెట్టించడం, ఆసుపత్రికో షెల్టర్‌కో చేర్చడం, ఉత్తర్వు అమలయ్యేలా చూడటం, అన్నీ ఆ అధికారి పనే. చట్టానికి వెన్నెముక ఆ కుర్చీ. కర్ణాటకలో తాలూకా స్థాయిలో ఆ బాధ్యత సీడీపీఓలకు, అంటే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు అప్పగించారు. అంగన్‌వాడీలు, పౌష్టికాహారం, పిల్లల బరువు లెక్కలు, ఇవన్నీ చూసే మనిషికే ఇది అదనపు పని. ఆవిడ మంచిదే అయినా ఏం చేస్తుంది? ఇలాంటి అధికారులను గుర్తించి ప్రొటెక్షన్ ఆఫీసర్లుగా నియమించమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చిన ఇన్నేళ్ళకు పరిస్థితి ఏమిటో చూడండి. ఉన్నవాళ్ళకే ఇంకో పేరు తగిలిస్తే సరిపోదు. ఈ పని తప్ప ఇంకో పని లేని అధికారి, తిరగడానికి ఒక బండి, రాయడానికి ఒక మనిషి, ఇది నేను అడిగే మొదటి సవరణ. అరవై రోజులు దాటితే ఆలస్యానికి కారణం కోర్టు రాతపూర్వకంగా చెప్పాలన్నది రెండోది. 2005లో రాసిన ఆ 20,000 జరిమానా నేటికీ అంతే ఉంది. ఐటీ జీతగాడికి అది ఒక వారాంతపు ఖర్చు. దాన్నీ మార్చాలి.

మీ ఆయన అన్న 'దొంగ కేసులు' మాటకి వస్తాను. 2024 డిసెంబర్‌లో ఈ ఊళ్ళో ఒక ఇంజనీరు, భార్య తన మీద తప్పుడు కేసులు పెట్టిందని చెప్పి ఆత్మహత్య చేసుకున్న తరువాత ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినపడుతోంది. ఆ మరణం నన్నూ కలచివేసింది, ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు వాదనలు చెప్పడం నాకు చేతకాదు. అబద్ధపు కేసులు ఉండవని నేననను, కొన్ని చూశాను కూడా. కానీ నిజమైన కేసు తేలకపోవడానికీ, అబద్ధపు కేసు తేలకపోవడానికీ కారణం ఒక్కటే: ఏళ్ళ తరబడి వాయిదాలు. అరవై రోజుల్లో తేలితే దెబ్బలు తిన్న భార్యకి ఊరట, తప్పు చేయని భర్తకీ ఊరట. చట్టాన్ని బలహీనం చేయమనేవాళ్ళతో నాకు పేచీ అక్కడే. మీ చెవి మీద పడ్డ దెబ్బ దొంగది కాదు కదా.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. మన భాషలోనే ఒక సామెత ఉంది: మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అందులో కొట్టడం మామూలు సంగతైపోయింది, నవ్వడం ఒక్కటే తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను అడిగారు: చెప్పకుండా బయటికి వెళితే, వంట సరిగా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలను గౌరవించకపోతే, ఇలా ఏడు కారణాలు చెప్పి, భర్త కొట్టడం సబబేనా అని. ఒక్కదానికైనా అవునన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, తెలంగాణలో 83.8 శాతం. మీ అమ్మగారు ఆ ఊళ్ళో, ఆ మాటల మధ్య పెరిగిన మనిషి. అదే సర్వే ప్రకారం భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన పెళ్ళైన ఆడవాళ్ళు కర్ణాటకలో 44.4 శాతం, రాష్ట్రాల్లోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. మీరు నాకు ఉత్తరం రాశారు. అది చిన్న పని కాదు.

మీరు రాయలేనన్న విషయం. అదేమిటో నేను ఊహించనూ, అడగనూ. ఒక్కటి చెబుతాను. గృహహింస అంటే ఏమిటో చెప్పే 3వ సెక్షన్‌లో లైంగిక హింస కూడా ఉంది, భర్త చేసినా సరే. అర్జీలో ఒక్క వాక్యం రాసినా చాలు, లేదా మహిళా లాయరుకు నోటితో చెప్పండి. కానీ నేరంగా చూస్తే, భార్యకు పద్దెనిమిదేళ్ళు దాటి ఉంటే భర్త చేసింది అత్యాచారం కిందికి రాదని న్యాయ సంహిత 63వ సెక్షన్ ఇప్పటికీ మినహాయింపు ఇస్తోంది. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టులో జస్టిస్ నాగప్రసన్న ఒక భర్త మీద పెట్టిన ఆ అభియోగాన్ని కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ఆ మినహాయింపు పోవాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక మీరు చేయాల్సిన పనులు. సోమవారం లంచ్ టైంలో బ్యాంకుకు వెళ్ళి మీ జీతం అకౌంట్‌కి మీ నంబరు మార్పించండి, పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది ఆఫీసు అడ్రసుకు తెప్పించుకోండి. లేదా వేరే బ్యాంకులో కొత్త అకౌంట్ తెరిచి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. మీ సంపాదన మీ చేతికి రానివ్వకపోవడం కూడా గృహహింసేనని, దానికి ఆర్థిక హింస అని పేరు పెట్టి మరీ చట్టం చెబుతోంది. ఓటీపీ ఆగిపోయిందని తెలిసిన సాయంత్రం ఇంట్లో గొడవ రావొచ్చు. అందుకే ఆ రోజు పక్కన ఎవరైనా ఉండేలా చూసుకోండి, లేదా అర్జీ పెట్టాకే ఆ పని చేయండి. ఎప్పుడన్నది మీకే బాగా తెలుస్తుంది.

లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, జీతం ఎంతైనా సరే, ప్రభుత్వం లాయరును ఉచితంగా ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. మాట్లాడే మనిషి కావాలంటే 181, లేదా ఇన్‌ఫాంట్రీ రోడ్డులో పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఉన్న వనితా సహాయవాణి, 1091. ముందు ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు తెస్తేనే అర్జీ తీసుకుంటామని ఎవరైనా అంటే నమ్మకండి. 2022 మేలో వచ్చిన ఆ తీర్పులోనే అది తప్పనిసరి కాదని ఉంది. మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగమని లాయరుకు గట్టిగా చెప్పండి. గృహహింస చట్టం 23వ సెక్షన్ కింద అవతలివాళ్ళు రాకపోయినా ఇవ్వొచ్చు. పాప ఖర్చు మీ ఆయన జీతంలోంచే కంపెనీ నేరుగా మీకు కట్టేలా ఆదేశం అడగడానికి కూడా చట్టంలో దారి ఉంది, 20వ సెక్షన్. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

పెద్దమనుషులు మూడోసారి వస్తామంటే వద్దనండి. మీ నాన్నగారి గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు, కానీ ఆయనకు ఫోన్ చేయండి. పంచాయితీకి పిలవొద్దు. పెళ్ళికి పెట్టిన నగల బిల్లులు, పెళ్ళి ఫోటోలు ఒంగోలులో ఏ బీరువాలోనో ఉండే ఉంటాయి. అవి ఒక సంచిలో పెట్టుకుని, పగటిపూట దిగే రైలెక్కి, నాలుగు రోజులు ఉండేలా రమ్మనండి. మీ అకౌంట్ నంబరు మారే రోజు ఆయన హాల్లో కూర్చుని పాపతో ఆడుకుంటూ ఉంటే చాలు.